డెబ్బై ఏళ్ళ బురద

క్రాగ్‌ఫోర్డ్, ఇంగ్లండు
10 జూన్ 2025

అక్కా,

ఈ రోజుల్లో ఉత్తరం ఏంటని నవ్వకు. ఫోను చేస్తే బావగారు వెంటనే స్పీకరు నొక్కుతారు. క్రిందటిసారి నా మోకాలి నొప్పి సంగతి నీకు చెబితే, మర్నాడే ఎదురింటి శ్యామలాంబ గారు ఏ నూనె రాసుకోవాలో కబురు పంపారు. ఇప్పుడు చెప్పబోయేది వీధికి తెలియకూడదు.

మా కేర్ హోమ్‌లో హెరాల్డ్ గారని తొంభై రెండేళ్ళ పెద్దాయన ఉన్నారు. నేను చూసుకునే వాళ్ళందరిలో ఆయనంటే నాకు ప్రత్యేకం. వయసులో ఉన్నప్పుడు వారమంతా బట్టల మిల్లులో పనిచేసి, శనివారం ఈ ఊరి క్లబ్బు తరఫున రగ్బీ లీగ్ ఆడేవారట. సరదాకి కాదు, జీతం ఇచ్చి ఆడించే క్లబ్బు. ఆ ఆట ఏంటంటావా? మన కబడ్డీ ఆడేవాడి చేతిలో పీచు తీయని కొబ్బరికాయ పెట్టి, అవతలి గీత దాటి దాన్ని నేలకి ఆనించమంటే ఎలా ఉంటుంది? అదే. పట్టుకోవడానికి అవతల పదమూడు మంది. హెరాల్డ్ గారికి ముందు పళ్ళు నాలుగు లేవు. ఏ పన్ను ఏ ఊళ్ళో రాలిందో వరసగా చెబుతారు.

1955లో ఆ క్లబ్బు పెద్ద కప్పు గెలిచింది. ఆ జట్టులో ఇప్పుడు బతికున్నది ఈయనొక్కరే. వచ్చే సెప్టెంబరు 27న, ఆట మధ్య విరామంలో, ఆయన్ని మైదానం నడిమికి తీసుకెళ్ళి సన్మానం చేస్తారు. ఆనాటి చొక్కా తొడుక్కునే వెళ్ళాలని ఆయన పట్టు. తరవాత దాన్ని క్లబ్బులో అద్దాల పెట్టెలో ఉంచుతారట. "అంతవరకు ఉంటే చాలు రూబీ, ఆ పైన దేవుడు ఎప్పుడు పిలిచినా బయల్దేరతాను" అంటారు.

కాని చొక్కాని చిమ్మటలు కొట్టేశాయి. మోచేతి దగ్గర ఒక చిల్లు, చంక కింద రెండు. ఇక్కడి దర్జీ పైన గుడ్డముక్క వేసి కుడతానన్నాడు. ఆ మాటకి పెద్దాయన మొహం చిన్నబోయింది. నేను ఆగలేక, "మా అక్క చేతిలో పడితే చిల్లు ఎక్కడుందో మీరే వెతుక్కోవాలండి" అన్నాను. ఆయన అప్పటికప్పుడు చొక్కా నా చేతిలో పెట్టేశారు. మా మేనేజరుకి ఈ సంగతి తెలియదు. ఇక్కడి వాళ్ళ వస్తువు గడప దాటించకూడదని రూలు. ఏదైనా తేడా వస్తే నా ఉద్యోగం పోతుంది. అంతకన్నా ముందు ఆయన గుండె పగులుతుంది.

నాతో పనిచేసే పాలకొల్లు బేబి సెలవు మీద వస్తూ ఇది నీకు అందిస్తుంది. ఆగస్టు మొదటి వారంలో తిరిగి వస్తుంది. ఎలా చెయ్యాలో నీకు నేను చెప్పాలా? నీ లేసు పని ఎలా చేసి పంపుతావో అలాగే చేసి పంపు.

నీ చెల్లెలు,
రూబీ

*

మొగల్తూరు
23 జూన్ 2025

చెల్లి రూబీకి,

నిన్ను పరాయి దేశంలో పదిమందికి చెయ్యూతగా నిలబెట్టిన దేవునికి స్తోత్రం. బేబి చొక్కా తెచ్చి ఇచ్చింది. దాన్ని విప్పి చూసి అయ్యో అనుకున్నాను. మంచి మెరూన్ రంగు, ఛాతీకి అడ్డంగా తెల్లపట్టీ, పాతకాలపు గట్టి నేత. అలాంటి బట్టని ఎలా ఉంచారమ్మా!

ఆ రంగు దారం కోసం నరసాపురంలో మూడు షాపులు తిరిగాను. ఒకటి ముదురు, ఒకటి లేత. చివరికి ఆ చొక్కా లోపలి మడతలోంచే దారం లాగి, నా దగ్గరున్న అన్నిటికన్నా సన్న సూదితో చిల్లులు అల్లేశాను. నీ మాట నిజమైంది. చంక కింద చిల్లులు ఎక్కడున్నాయో ఇప్పుడు నాకే దొరకడం లేదు. గొప్ప చెప్పుకోకూడదు, కాని చెల్లెలివి కనుక నీకు చెబుతున్నాను.

అసలు కష్టం ఆ తరవాతే. ఎడమ భుజం మీద నుంచి తెల్లపట్టీ మీదుగా నడుము దాకా ఎంత మురికి! గట్టిపడి పెచ్చు కట్టింది. లేసు అల్లినంతసేపు చెమట చేతుల్లో నలిగి మాసిపోతుంది, ఉతికి, నీలం వేసి, గంజి పెట్టి, లాగి ఆరేస్తే గాని పని పూర్తయినట్టు కాదని అమ్మ మనకి నేర్పలేదూ? ఎరుపు తెలుపులోకి దిగకుండా ముందు ఉప్పునీళ్ళలో ముంచాను. కుంకుడురసంలో ఒక రోజు నానబెట్టాను. నిమ్మచెక్కతో రుద్దాను. అయినా మొండికేసింది. ఉపవాస ప్రార్థన చేసి మూడోరోజు మళ్ళీ రుద్దాను. పోయింది! ఇప్పుడు తెల్లపట్టీ కొంగ రెక్కలా ఉంది. పల్చటి గంజి పెట్టి ఇస్త్రీ కూడా చేయించాను.

చర్చి స్త్రీల సమాజంలో ఆయన పేరు చెప్పకుండా, డెబ్బై ఏళ్ళుగా చొక్కా ఉతికే దిక్కులేని ఒక పెద్దాయన కోసం ప్రార్థన చేయించాను. దీనమ్మ గారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆయనకి నిమ్మకాయ పచ్చడి ఒక సీసా బేబి చేత పంపుతారట.

మీ బావగారు బాగానే ఉన్నారు. రిటైరైనా డ్రిల్లు మాస్టారి గొంతు మాత్రం రిటైరు కాలేదు.

ప్రేమతో, అక్క,
దేవకుమారి

*

క్రాగ్‌ఫోర్డ్
6 జూలై 2025

అక్కా! ఎంత పని చేశావు!

నీ ఉత్తరం చదివి స్టోరు రూములో తలుపేసుకుని కూర్చున్నాను. వెంటనే ఫోను చేశాను కదా, నేను నోరు తెరిచేలోపు బావగారు స్పీకరు పెట్టి, "మీ అక్క దాన్ని ఎంత తెల్లగా చేసిందో తెలుసా!" అని అరిచారు. వెనకాల నుంచి శ్యామలాంబ గారు, "ఏ సబ్బమ్మా?" అని అడుగుతున్నారు. ఏం చెప్పను? "బాగుంది" అని పెట్టేశాను.

అది మురికి కాదక్కా. అది 1955 ఫైనలు నాటి బురద. చొక్కా ప్రాణమంతా అందులోనే ఉంది. ఆ ఆటలో చివరి నిమిషాల్లో ముగ్గురు మీద పడి తొక్కుతుంటే హెరాల్డ్ గారు మైదానం మూలన ఎడమ పక్కకి పడి పోరాడారట. ముందు వాళ్ళ అమ్మ, తరవాత ఆయన భార్య ఎడ్నా గారు, ఒక్క చుక్క నీళ్ళు కూడా తగలనివ్వకుండా దాచారు. రోజూ టీ తాగాక ఆయన ఆ బురద మీద వేలు పెట్టి మాకు ఆ కథ చెబుతారు. గెలిచినవాళ్ళకిచ్చిన పతకం ఎక్కడో పోయిందట. ఎప్పుడు పోయిందంటే చెప్పరు. ఆ రోజుకి ఆయన దగ్గర మిగిలిన సాక్ష్యం ఆ బురదొక్కటే. దాన్ని నువ్వు నిమ్మచెక్కతో రుద్దావు!

తప్పు నాదే. ఉతకొద్దని ఒక్క ముక్క రాయలేదు. "మీ అక్క పని ఎంతవరకు వచ్చింది?" అని ఆయన రోజూ అడుగుతున్నారు. పూర్తయిందని చెప్పాను, అది నిజమే కదా.

ఆయన పుట్టినరోజున చొక్కాతో తీసిన ఫోటో ప్రింటు ఇందులో పెడుతున్నాను. బురద ఎక్కడిదాకా ఉండేదో చూడు. నాకేం తోచడం లేదు. ప్రార్థన చేస్తావో, ఇంకేం చేస్తావో.

రూబీ

*

మొగల్తూరు
3 ఆగస్టు 2025

రూబీ,

నీ ఉత్తరం చదివాను. ఉపవాసం ఉండి మరీ ఆ పెద్దాయన జ్ఞాపకాన్ని కడిగేశానే అని ఏడ్చాను. తరవాత కళ్ళు తుడుచుకుని పొలం గట్టుకి వెళ్ళాను. సార్వా వరినాట్లు కదా, ఎటు చూసినా బురదే. పక్క పొలం బుల్లిరాజు గారిని అడిగాను.

"కాస్త బురద కావాలండి."

"ఎంతండి మాస్టారమ్మగారూ? ట్రాక్టరు ట్రక్కు పంపమంటారా?"

"గుప్పెడు చాలండి."

"గుప్పెడా! గుప్పెడు బురద దేనికండి?"

"చొక్కాకండి."

ఆయన నా మొహంలోకి చూసి, "ఇంట్లో అంతా బాగానే ఉన్నారాండీ?" అన్నారు.

గుప్పెడు తెచ్చి గరిటెతో చొక్కాకి పూస్తూ కూర్చున్నాను. గంజి పెట్టిన బట్ట కదా, పూసింది పూసినట్టే జారిపోయింది. ఇంతలో మీ బావగారు వచ్చి, "ఏంటే దేవకుమారీ, ఇస్త్రీ చొక్కా మీద పిడకలు కొడుతున్నావా?" అన్నారు. ఇక దాచలేక మొత్తం చెప్పాను. పెళ్ళయ్యాక ఆయన పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవడం అదే మొదలు. ఆఖరికి, "ఇరవై ఆరేళ్ళు పిల్లల్ని ఆడించాను. బురద పూస్తే అంటదు. పడితే అంటుంది" అన్నారు.

గంజి పోయేలా జాడించి ఆరేశాను. ఆయన దాన్ని తొడుక్కుని పొలానికి బయల్దేరారు. రూబీ, మీ బావగారి పొట్ట సంగతి నీకు తెలుసు. నా కుట్టుకి దేవుడు పెట్టిన అసలు పరీక్ష అదే! బుల్లిరాజు గారు, ఆయన బావమరిది, ఇంకో పాలేరు పట్టుకోవడానికి నిలబడ్డారు. బుల్లిరాజు గారు చిన్నప్పుడు కబడ్డీలో మీ బావగారి చేతిలో ఓడినవారే, కనుక బతిమాలక్కర్లేకపోయింది. నీ ఉత్తరంలో రాశావు కదా అని చేతికి పీచు తీయని కొబ్బరికాయ ఇచ్చాను. అటుపక్క గట్టు చేరి కాయని ఆనించాలి.

ముందు పాత బనీనుతో రెండుసార్లు సాధన. రెండుసార్లూ వెల్లకిలా పడ్డారు. మూడోసారి చొక్కాతో. నేను ఫోటో పట్టుకుని గట్టు మీద నిలబడి, "ఎడమ పక్కకండీ! ఎడమ పక్కకి పడండీ!" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. సరిగ్గా ఆ వేళకి పాస్టరు ఐజాక్ గారు బండి మీద వస్తూ ఆగారు. ఆయన చూసిందేమిటంటే, సంఘపెద్ద యెహెజ్కేలు మాస్టారిని ముగ్గురు బురదలో తొక్కుతున్నారు, పక్కన భార్య ఎలా పడాలో చెబుతోంది.

కాయని గట్టుకి ఆనించానని మీ బావగారు అంటున్నారు. నేనప్పుడు పాస్టరు గారికి వందనం చెబుతున్నాను, కనుక ఏమీ చెప్పను.

వెల్లుల్లి ఒలిచినంత జాగ్రత్తగా చొక్కా విప్పి మూడు రోజులు నీడన ఆరబెట్టాను. ఫోటోలో ఎలా ఉందో అలాగే వచ్చింది. నా కుట్టు ఒక్కటీ ఊడలేదు. కాకపోతే మన బురద నల్లన. ఆ మాటే అంటే, "బురదకి దేశమేంటే?" అన్నారు మీ బావగారు. ఆయనకి నడుము పట్టేసింది. శ్యామలాంబ గారు నూనె పంపారు.

పెచ్చులు రాలకుండా పాత దుప్పట్లో చుట్టి ఈ ఉత్తరంతో పాటు బేబికి ఇస్తున్నాను. దీనమ్మ గారి పచ్చడి విడిగా ఉంది. రెండూ కలవకుండా చూసుకోమని చెప్పాను.

అక్క,
దేవకుమారి

*

క్రాగ్‌ఫోర్డ్
18 ఆగస్టు 2025

అక్కా,

పొలం కబడ్డీ సంగతి చదివి బస్సులో ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. పక్కనున్నావిడ సీటు మారింది.

చొక్కా హెరాల్డ్ గారికి ఇచ్చాను. ముందు మోచెయ్యి చూసుకున్నారు, చంక కింద తడుముకున్నారు. "చిల్లులేవీ?" అన్నారు. "నేను చెప్పలేదా?" అన్నాను. తరవాత బురద మీద వేలు పెట్టారు. వేలు ఆగిపోయింది. చొక్కా ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన చూశారు.

"మీ అక్కగారి ఊరి దగ్గర నది ఉందా రూబీ?" అన్నారు.

"ఉందండి, గోదావరి."

"వరి పండుతుందా?"

"పండుతుందండి."

అంతే. కాని ఆ రోజు నుంచి టీ తాగాక కథ చెప్పడం మానేశారు. చొక్కా ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంటున్నారు. ఆయనకి తెలిసిపోయిందని నా భయం. నిజం చెబితే సన్మానం ముందు ఆయన మనసు విరిగిపోతుంది. చెప్పకపోతే ఆయన మొహం చూడలేకపోతున్నాను. మేనేజరు కూడా, "హెరాల్డ్ ఎందుకు దిగాలుగా ఉన్నాడు?" అని నన్నే అడిగింది.

దీనమ్మ గారి పచ్చడి మాత్రం రొట్టె మీద రాసుకుని తింటున్నారు. దాని మీద అనుమానమేమీ లేదు.

రూబీ

*

మొగల్తూరు
8 సెప్టెంబరు 2025

రూబీ,

నిన్న చర్చిలో ప్రభురాత్రి భోజన సంస్కారపు ఆదివారం. రొట్టె పళ్ళెం నా దాకా వచ్చింది. చెయ్యి చాపలేకపోయాను. ఒక పెద్దాయన్ని మోసం చేసిన చేతితో ఎలా తీసుకోను? కూర్చుండిపోయాను. జ్ఞానస్నానం తీసుకున్నాక ఇదే మొదలు. ఇక సంఘంలో ఎవరికి తోచింది వాళ్ళు అనుకున్నారు. పాస్టరమ్మ గారితో మాట పట్టింపు వచ్చిందని కొందరు. పొలం గట్టు తగాదా అని పాస్టరు గారు. ఆయన కళ్ళారా చూశారు కదా! "సరిహద్దు రాళ్ళ కోసం పొరుగువాడితో బురదలో పొర్లాడే వారి హృదయాలు మార్చు ప్రభువా" అని వేదిక మీద నుంచి ప్రార్థించారు. అదే వేళకి మీ బావగారు, బుల్లిరాజు గారు బయట బడ్డీకొట్టు దగ్గర ఒకే గ్లాసులో టీ సగం సగం తాగుతున్నారు.

నీ ఉద్యోగానికి ఏమవుతుందోనని వణుకుతూనే ఈ పని చేస్తున్నాను. కింద రాసింది ఆయనకి ఇంగ్లీషులో చదివి వినిపించు. సన్మానానికి ముందే వినిపించు. తప్పుడు బురదతో ఆయన్ని అంతమంది ముందు నిలబెట్టలేను.

"హెరాల్డ్ అయ్యగారికి, రూబీ అక్క దేవకుమారి వందనాలు. మీ చొక్కా మీది బురదని మురికి అనుకుని నేనే ఉతికేశాను. మా పనిలో ఉతక్కుండా ఏదీ ఇవ్వం, ఆ అలవాటు చేసిన తప్పు ఇది. ఇప్పుడు దాని మీద ఉన్నది మా పక్క పొలం బురద. మీ చొక్కా వేసుకుని మా ఆయన అందులో పడ్డారు. ఆయన వయసు అరవై మూడు. నిజంగానే పడ్డారు, నటించలేదు. మీ జ్ఞాపకాన్ని తిరిగి ఇవ్వడం నా చేత కాదు. క్షమించమని అడగడమే చేతనవును. ఇందులో రూబీ తప్పు లేదు."

కోపంతో ఆయన ఏమన్నా, ఉన్నదున్నట్టు రాయి. తగ్గించి రాయకు.

అక్క,
దేవకుమారి

*

క్రాగ్‌ఫోర్డ్
29 సెప్టెంబరు 2025

అక్కా,

ఉన్నదున్నట్టే రాస్తున్నాను. కాస్త కూర్చుని చదువు.

శుక్రవారం, అంటే సన్మానానికి ముందు రోజు, నీ ఉత్తరం ఆయనకి చదివాను. "నిజంగానే పడ్డారు, నటించలేదు" అన్న దగ్గర చెయ్యి ఎత్తి ఆపమన్నారు. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తున్నారనుకుని నీళ్ళు తెచ్చాను. నవ్వుతున్నారు! పొలం కబడ్డీ కథంతా చెబితే దగ్గు వచ్చేదాకా నవ్వారు. ఆ తరవాత నిజంగానే కళ్ళు తుడుచుకున్నారు.

"మొదటి రోజే తెలిసింది రూబీ. ఇక్కడి బురదకి బొగ్గు వాసన ఉంటుంది, దీనికి పంట వాసన ఉంది. మీ అక్క ఉతికిన దానికి నేను దిగులు పడలేదు. ఉతికితే పోయిందే, ఇప్పుడైనా నిజం చెప్పమంటున్నాడేమో దేవుడు అని దిగులు పడ్డాను" అన్నారు.

ఆయన ఆ ఫైనలు ఆడలేదక్కా.

క్లబ్బుకి ఎనిమిదేళ్ళు ఆడింది నిజం. పళ్ళు రాలింది నిజం. కాని ఆ ఒక్క రోజు ఆయన పధ్నాలుగో వాడు. శుక్రవారం పేపరులో పదమూడు మందిలో ఆయన పేరు వేశారు. వాళ్ళ అమ్మ ఆ పేపరు పట్టుకుని వీధిలో ప్రతి గడపకీ వెళ్ళి చెప్పొచ్చింది. శనివారం ఉదయం కోచ్ మనసు మార్చుకుని ఇంకొకరిని దింపాడు. ఆ రోజుల్లో మధ్యలో మనిషిని మార్చే పద్ధతి లేదట. చొక్కా మీద కోటు వేసుకుని ఆటంతా కూర్చుని చూశారు. పతకం పదమూడు మందికే ఇచ్చారు. ఆట అయిపోయి అందరూ కప్పు చుట్టూ చేరినప్పుడు, ఇంటికి వెళ్ళి అమ్మకి ఏం చెప్పాలో తోచక, మైదానం మూలకి వెళ్ళి కోటు విప్పి, ఎడమ పక్కకి తిరిగి బురదలో పొర్లారట.

కొడుకుని చూసి తల్లి ఆ చొక్కా పట్టుకుని ఏడ్చింది. ఉతకనివ్వకుండా దాచడం మొదలుపెట్టింది ఆవిడే. ఫైనలు దూరపు ఊళ్ళో జరిగింది కనుక వీధికి ఆ శుక్రవారం పేపరే సాక్ష్యం, అసలు సంగతి జట్టులో వాళ్ళకే తెలుసు. ఒక్కరూ బయట పెట్టలేదు. కెప్టెను మాత్రం బస్సులో భుజం తట్టి, "బాగా పడ్డావు హెరాల్డ్" అన్నాడట. ఒక్కొక్కరే పోయారు. చివరికి అబద్ధం, ఆయన మిగిలారు.

మర్నాడు చొక్కా తొడిగి ఆయన్ని చక్రాల కుర్చీలో మైదానం మధ్యకి తోసుకెళ్ళాను. మైకు ఇచ్చారు. "ఈ చొక్కా మీద బురద ఆ ఫైనలు నాటిది కాదు" అని మొదలుపెట్టి మొత్తం చెప్పేశారు. పధ్నాలుగో వాడినని, అమ్మ కోసం పొర్లానని, నిమ్మచెక్కతో ఒక లేసు అల్లే అక్కగారు ఆ అబద్ధాన్ని కడిగేశారని. ఆఖరున ఆయన, "ఇండియాలో ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారు నాకన్నా ఈ చొక్కాకి ఎక్కువ న్యాయం చేశారు. నేను ఊరికే పొర్లాను, ఆయన్ని ముగ్గురు పట్టుకున్నారు" అన్నారు. ముందు ఎవరో ముసలావిడ పక్కుమంది. తరవాత మైదానమంతా నవ్వు, ఆ వెంటనే అందరూ లేచి నిలబడి చప్పట్లు. గాజు పెట్టె కింద కార్డు మళ్ళీ రాయిస్తున్నారు. "హెరాల్డ్, పధ్నాలుగో ఆటగాడు. బురద: యెహెజ్కేలు మాస్టారు. కుట్టు: దేవకుమారి."

నాకు ఉద్యోగం ఉంది. మేనేజరు గదిలోకి పిలిచి అరగంట చీవాట్లు పెట్టింది. లేచి వస్తుంటే ఆపి, వాళ్ళ బామ్మ అల్లిన బల్ల గుడ్డకి చిల్లు పడిందంది. బేబి మళ్ళీ వచ్చేటప్పుడు తెస్తుంది. దాన్ని ఉతకొద్దని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చింది.

హెరాల్డ్ గారు మళ్ళీ కథ చెబుతున్నారు, ఈసారి నిజం కథ. అందులో ఒక్క సంగతి తేలలేదట. మాస్టారు కాయని గట్టుకి ఆనించారా లేదా? అది అడిగి రాయమన్నారు.

రూబీ

*

మొగల్తూరు
13 అక్టోబరు 2025

చెల్లి రూబీకి,

నీ ఉత్తరం మోకాళ్ళ మీద చదివాను. ఆ పెద్దాయన బరువూ నా బరువూ ఒకే బుట్టలో దింపిన దేవునికి ఎన్ని స్తోత్రాలు చెప్పినా తక్కువే. వచ్చే సంస్కారానికి నా చెయ్యి వెనక్కి పోదు. పాస్టరు గారికి నిజం చెప్పాను. ఆయన మొహం అటు తిప్పుకుని చాలాసేపు దగ్గారు.

కార్డు మీద తన పేరు ఉందని మీ బావగారికి చెప్పడమే నేను చేసిన తప్పు. స్పీకరు అక్కర్లేకుండానే పెద్దాపురం దాకా వినిపించింది. బుల్లిరాజు గారు అలిగారు. "పట్టుకున్నవాళ్ళ పేర్లు ఏవండీ మరి?" అంటున్నారు. అడిగి చూడు.

ఇక హెరాల్డ్ అయ్యగారి ప్రశ్న. నేనప్పుడు పాస్టరు గారికి వందనం చెబుతున్నానని రాశాను. చెప్పాను, నిజమే. కాని ఒక కన్నుతో ఇటు కూడా చూశాను. కాయ గట్టుకి జానెడు ఇవతలే ఆగిపోయింది.

ఇది ఆయన ఒక్కరికే చెప్పు, ఆయన అర్థం చేసుకుంటారు. మీ బావగారు మాత్రం చేరానని వీధంతా చెప్పుకుంటున్నారు. నేను కాదనలేదు, అవుననలేదు. పప్పులో ఇంకాస్త నెయ్యి వేశాను.

ఆ రోజు తొడుక్కున్న పంచె కూడా బురదతోనే ఉంది. ఉతకనివ్వడం లేదు.

ప్రేమతో, అక్క,
దేవకుమారి